వస్తానంటే వచ్చినట్టేనా?

‘దేశదేశాల పరీక్ష’ - ఏడో భాగం

కిందటి వారం మైమూన్ టీచర్‌ను పులివెందులలో పేపర్లు దిద్దే స్పాట్ హాల్లో, ఒళ్ళో జవాబు పత్రాల కట్ట పెట్టుకుని కూర్చున్నచోటనే వదిలేసి వచ్చాం. మనకేం, పత్రిక మడిచి పక్కన పెట్టి ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. ఆమె మాత్రం ఆ రాత్రి హాస్టల్ గదిలో ఎంతసేపు దొర్లినా కన్ను మూతపడక, తెల్లారగానే మళ్ళీ అదే కట్ట ముందు వచ్చి కూర్చుంది.

మధ్యలో కొన్ని వారాలు తప్పిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. పదిహేనేళ్ళ పిల్లలకు ఒకే ప్రశ్నలు ఇచ్చి, ఏ దేశం పిల్లలు చదివింది ఏమాత్రం అర్థం చేసుకుంటున్నారో వరస కట్టి చెప్పే పరీక్ష ఒకటుంది. ఎనభై దేశాల దాకా రాస్తాయి. అందులోకి మనమూ దిగవచ్చా లేదా అని తేల్చుకోవడానికి కడప జిల్లాలో మూడు బళ్ళలో ముందుగా నమూనా పెట్టి చూశారు. ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలు ఇంగ్లీషులో రాశారు. జమ్మలమడుగులోని హోసన్నా హైస్కూలు ఒక్కటే ఇంకా తెలుగు మీడియం కాబట్టి అక్కడి పిల్లలు తెలుగులో రాశారు. ఆ తెలుగు కట్ట దిద్దే పని, ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్న మైమూన్‌కు పడింది.

గొడవంతా ఆ కట్టలోనే. ఒక ప్రశ్నకు ఒక్క పిల్ల తప్ప క్లాసు క్లాసంతా ఒకే తప్పు జవాబు, ఇంచుమించు ఒకే మాటల్లో రాసింది. పరీక్ష బాధ్యత చూస్తున్న వివేక్ ఆ కట్ట మీద ఎర్ర పెన్నుతో ‘మాస్ కాపీయింగ్’ అని రాశాడు. ఆ రెండు ముక్కలు ఢిల్లీకి పోతే హోసన్నాకు గుర్తింపు ఊడుతుంది. వచ్చే మార్చిలో పూలదండ వేయించుకుని రిటైరు కావలసిన హెడ్మాస్టరు శుభాకర్ సస్పెండై ఇంటికి పోతాడు. ఆ పిల్లల పేరు పక్కన దొంగలన్న మాట ఎక్కుతుంది. రేపు పొద్దున్నే రిపోర్టు పంపిస్తానని వివేక్ అన్నాడు. ఆ రేపు ఇదే.

వివేక్ భీమవరం వైపు కుర్రవాడు, ఢిల్లీలో చదువుకున్నవాడు. చెడ్డవాడు కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే మీరు అతన్ని విలన్ అనుకుని వారమంతా తిట్టుకుంటారు. అతని కుర్చీ వెనక గోడకు దేశాల పట్టిక ఒకటి అంటించి ఉంది. పైన సింగపూర్, జపాన్, ఎస్టోనియా. అడుగున కొన్ని గళ్ళు ఖాళీ. ఆ ఖాళీల్లో మనం యాడ తేల్తామో అని స్పాట్‌కు వచ్చిన టీచర్లు టీ తాగుతూ పందేలు వేసుకునేవారు. ఎస్టోనియా యాడుండాదప్పా అని ఒకాయన అడిగితే, పెండ్లిమర్రి దాటినాక కుడిపక్క అని ఇంకొకాయన దారి చెప్పాడు. వివేక్ ఆ నవ్వులు విన్నాడు గాని పట్టిక తీయలేదు.

“రండి మేడమ్, కూర్చోండి. ఆ కట్ట సంగతేనా?”

“దాని సంగతే సార్. మీరు రాసింది తప్పు. కొట్టేయండి.”

మైమూన్‌కు చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకాదు. కోస్తా వాళ్ళకు ఇది మొరటుగా వినిపిస్తుంది. వివేక్ ముఖం కొంచెం బిగుసుకుంది.

“చూడండి, పిల్లలకు జవాబు తెలియకపోతే ఒక్కొక్కరూ ఒక్కో రకంగా తప్పు రాస్తారు. అందరూ కలిసి ఒకే తప్పు రాశారంటే ఎవరో చెప్పి రాయించినట్టే. ఇది మీ జిల్లా మీద కోపంతో అంటున్న మాట కాదండీ. ఏ దేశంలోనైనా ఇలాగే చూస్తారు.”

“ఆ కథ ఇంకొక్కసారి పైకి చదువుతా, వినండి సార్.”

కథ చిన్నదే. మంచు కొండల్లో ఒక ముసలాయన ఉంటాడు. ఆయనకున్నదల్లా ఒక ఆడగుర్రం. దానికి జబ్బు చేస్తే కింది ఊరి నుంచి పశువుల డాక్టరమ్మ మంచులో నడిచి వస్తుంది. గుర్రాన్ని చూస్తుంది, మందు పోస్తుంది. బాగవుతుందనీ చెప్పదు, కాదనీ చెప్పదు. పొద్దు వాలుతుండగా గడప దగ్గర నిలబడి “వస్తాను” అంటుంది. ముసలాయన తలుపు వేసుకుంటాడు. అంతటితో కథ అయిపోతుంది. కింద ప్రశ్న: డాక్టరు మళ్ళీ ఆ ఇంటికి వస్తుందా? నీకెలా తెలుసు?

పూర్తి మార్కులు వేయవలసిన జవాబు కీలో ఇలా ఉంది: ‘వస్తుంది. వస్తానని మాట ఇచ్చింది కాబట్టి.’

హోసన్నా పిల్లలు రాసింది ఇలా ఉంది: ‘రాదు. పొయ్యేటప్పుడు అందరూ అట్లే అంటారు.’

“విన్నారు గదా. ఇందులో తప్పేముండాది?” అంది మైమూన్.

“తప్పు లేకపోవడమేంటండీ? వస్తాను అని అంత స్పష్టంగా చెబితే రాదు అని రాశారు!”

“ఇంగ్లీషు కథలో ఆయమ్మ ఏమన్నాది సార్?”

“ఐ విల్ కమ్ బ్యాక్.”

“ఆ బ్యాక్ యాడికి పోయింది?”

వివేక్ కాగితం వైపు చూశాడు. “వస్తాను అంటే సరిపోతుంది కదా.”

“సరిపోదు సార్. మళ్ళీ వస్తానని రాసింటే సరిపోయేది. మనిండ్లలో గడప కాడ నిలబడి వస్తాను అంటే పోతాండానని అర్థం. పోతా అనకూడదని ఆ మాట. చీటీ వసూలు చేసుకునేటాయన గూడా వస్తా అనే పోతాడు. పాలామె వస్తా అంటాది. పెండ్లికొచ్చి భోంచేసి, మళ్ళా జన్మలో కనపడని చుట్టాలు గూడా వస్తామనే బస్సెక్కుతారు. ఆ పిల్లోళ్ళు ఆ కథను తెలుగులో చదివినారు, తెలుగులో అర్థం చేసుకున్నారు.”

“మేడమ్, మీరు చెప్పేది సరదాగా ఉంది. కానీ ప్రతి ఊరూ మా మాట వేరు, మా అర్థం వేరు అంటే ఇక దేశాల్ని పోల్చేదెలా? కొలత అన్నది అందరికీ ఒకటే ఉండాలి కదండీ.”

“కొలత ఒకటే ఉండనీండి. ఎవురు వద్దన్నారు? మాది బట్టల వ్యాపారం చేసే ఊరు సార్, గజం సంగతి మాకూ తెలుసు. గజం ఒకటే. కొలవమని మీరు మా పిల్లోళ్ళ చేతికిచ్చిన గుడ్డ వేరే.”

ఆ మాట అతనికి తగలకపోలేదు. కానీ అతని దగ్గర ఇంకో అనుమానం ఉంది, అది బయటికి వచ్చేసింది. “మీరు ఈ ప్రాంతం వారు. శుభాకర్ గారు మీకు ఎప్పటి నుంచో తెలుసు. మీరు వాళ్ళ తరఫున మాట్లాడటాన్ని నేను తప్పుపట్టను. కానీ నేనలా చేయలేను కదా.”

మైమూన్‌కు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క మార్కు కూడా ముఖం చూసి వేసిన మనిషి కాదు. సొంత చెల్లెలి కొడుకును తెలుగులో ఫెయిల్ చేసి, రెండేళ్ళు ఆ చెల్లెలితో మాటల్లేకుండా ఉన్న మనిషి. కోపం వస్తే ఆమె నోట ఇంటి మాటే వస్తుంది.

“నేను ఎవురి తరపునా రాలేదు సార్. నా మాట ఇనుకోండి. ఇంగ్లీషు కథ చూసినోళ్ళకో, మీ కీ చూసినోళ్ళకో తప్ప, ఈ తెలుగు చదివినోళ్ళకు ఆయమ్మ మళ్ళా వస్తాదని తట్టనే తట్టదు. కావాలంటే నేను రాసిస్తా, సంతకం పెట్టిస్తా.”

వివేక్ గడియారం చూసుకున్నాడు. ఆ చూపుకు అర్థం ఏ ఆఫీసులోనైనా ఒకటే, దానికి అనువాదం అక్కర్లేదు. ల్యాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టి లేచాడు.

“మీ అభిప్రాయం కూడా రిపోర్టులో ఒక లైను రాస్తాను. నాకు ఇడుపులపాయ క్యాంపస్‌లో మీటింగు ఉందండీ, అక్కడి నుంచి అటే విజయవాడ వెళ్ళిపోవాలి. మీ పని మాత్రం చాలా బాగుంది.” చేతులు జోడించాడు. “వస్తానండీ.”

“ఎన్ని గంటలకొస్తారు సార్?”

“ఎక్కడికి?”

“ఈడికే. మీకు భోజనం చెప్పించమంటారా, లేకుంటే టీ వరకే చాలా?”

“అబ్బే, నేను మళ్ళీ రావడం లేదండీ. అటునుంచి అటే అని చెప్పాను కదా.”

“మరి వస్తానంటిరి?”

వివేక్ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. అతను ఆమెను చూశాడు, బల్ల మీది కట్టను చూశాడు. కిందికి జారిపోతున్న సంచిని భుజం మీదికి లాక్కుని, మళ్ళీ తీసి కుర్చీలో పెట్టాడు. తర్వాత నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసినంతగా.

“దొరికిపోయాను కదండీ.”

“మీరే గాదు సార్. మా ఇంట్లో ఉర్దూలో గూడా జాకే ఆతూఁ అనే అంటాం. పోయి వస్తా అని. ఉట్టి జాతూఁ అంటే మా అమ్మీ నోటి మీద ఒకటి ఇచ్చేది. బళ్ళారి పక్కకు పోతే కన్నడం వాళ్ళదీ ఇదే వరస. ఈ పక్క ఇన్ని కోట్ల మంది ఒక రకంగా అనుకునేదాన్ని, యాడనో కూచోని ఒక్కడు ఒక మాట తగ్గించి రాసేసినాడు. దానికి మా పిల్లోళ్ళు దొంగలా?”

అతను సంచి పక్కకు జరిపి కూర్చున్నాడు. కట్ట మీది ఎర్ర అక్షరాలను అడ్డంగా కొట్టేసి, కింద ‘అనువాద దోషం’ అని రాశాడు. ఇడుపులపాయకు ఫోన్ చేసి మీటింగు తర్వాత చూద్దామన్నాడు. మైమూన్‌కు ఎంత సంతోషం కలిగిందంటే, ఆ కుర్రవాడు తన బళ్ళో చదివిన పిల్లవాడై ఉంటే తల నిమిరి ఉండేది. శుభాకర్ సార్‌కు ఫోన్ చేయాలని సంచిలోంచి ఫోన్ తీసుకుంటోంది కూడా. అంతలో వివేక్ కాగితాలు తిరగేస్తూ చివరి దాని దగ్గర ఆగాడు.

“మేడమ్, ఇందాక మీరొక మాట అన్నారు.”

“ఏంది సార్?”

“ఇంగ్లీషు కథ చూసినవాళ్ళకో, కీ చూసినవాళ్ళకో తప్ప ఆ అర్థం తట్టదని.”

“అన్నాను.”

“మరి ఇదేంటండీ?”

ఆ కట్టలో పూర్తి మార్కులు పడిన ఒకే ఒక్క కాగితం అది. నిన్న దిద్దింది మైమూనే. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ‘వస్తుంది. వస్తానని చెప్పింది కాబట్టి వస్తుంది.’ కీలో ఉన్నది ఇంచుమించు అక్షరాలా దిగింది. రాసిన పిల్ల పేరు జాస్మిన్.

“పరీక్షకు ముందు రోజు కీ ఉన్న కవరు ఎక్కడుందో మీకు తెలుసు కదా,” అన్నాడు వివేక్. గొంతులో గెలిచానన్న ధ్వని లేదు, పైగా బాధే ఉంది. “శుభాకర్ గారి బీరువాలో. మిగతా పిల్లలు నిజాయితీగా రాశారని మీరు రుజువు చేశారు, ఒప్పుకున్నాను. ఆ రుజువుతోనే చెప్పండి, ఈ పిల్లకు ఈ జవాబు ఎలా వచ్చింది?”

మైమూన్ అన్న మాటే ఆమె మెడకు చుట్టుకుంది. కాపీ కొట్టారంటే పిల్లల మీదికి పోయేది. కీ బయటికి వచ్చిందంటే నేరుగా శుభాకర్ సార్ మీదికి పోతుంది, అది సస్పెన్షన్‌తో ఆగదు, పోలీసుల దాకా వెళుతుంది. ఆయన్ను ఒడ్డుకు లాగబోయి ఇంకా లోతుకు నెట్టానా అనుకుంది.

“పిల్లనే అడుగుదాం సార్,” అంది చివరికి. “కాగితాన్ని ఎన్నిసార్లు అడిగినా ఆ ఒక్క మాటే చెప్తాది. ఈ పొద్దే పోదాం పదండి.”

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు దారి పట్టారు. వివేకే కారు నడిపాడు. నల్లరేగడి చేలల్లో శనగ మోకాలి కింద దాకా లేచి పచ్చగా ఉంది. ముద్దనూరులో రైల్వే గేటు పడితే ఆగారు, అప్పుడు అతనే మొదలుపెట్టాడు.

“మా ఊరి బళ్ళో నేనే ఫస్టు మేడమ్. మా మండలానికే ఫస్టు. ఢిల్లీ వెళ్ళిన మొదటి నెల క్లాసులో ఏం చెబుతున్నారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ నన్ను ఎవరితో పోల్చి ఫస్టు అన్నారో అప్పుడు తెలిసింది. బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. మన పిల్లలకు ఆ సంగతి ముందే తెలిస్తే బాగుంటుందనే నేను ఈ ఉద్యోగంలోకి వచ్చాను. అందరూ నన్ను పట్టికల పిచ్చివాడు అంటారు.”

“తెలియాల సార్. నేను వద్దనను,” అంది మైమూన్. “పదో తరగతికొచ్చి పేరా చదవలేని పిల్లోళ్ళు మా బళ్ళోనే ఉండారు. వాళ్ళను చూస్తే నాకు రాత్రుళ్ళు బాధయితాది. సింగపూర్‌లో పదిహేనేండ్ల పిల్ల ఏం చదవగలదో నాకూ తెలుసుకోవాలనే ఉంటాది. మీ పట్టికలో అడుగున నిలబెట్టినా పడతాం. కానీ రానిదాన్ని రాదనండి, వచ్చినదాన్ని గూడా రాదంటే, రేపు ఆ పిల్లోళ్ళు తమకు తెలిసింది గూడా తెలీదనుకుంటారు. అది శానా పెద్ద నష్టం సార్.”

వివేక్ తల ఊపాడు. రైలు పోయింది, గేటు లేచింది.

హోసన్నా హైస్కూలు వరండాలో పిల్లలు క్రిస్మస్‌కు కాగితపు నక్షత్రం కడుతున్నారు. పాత బండల మిద్దె, ఎత్తయిన కిటికీలు. కారు చూసి శుభాకర్ సార్ ఎదురొచ్చాడు. సన్నటి పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా. కుశల ప్రశ్నలేమీ వేయలేదు.

“మూసేస్తారా సార్?” అని అడిగాడు.

“లేదండీ, అంతదూరం రాలేదు. ఒక చిన్న సందేహం ఉంది. జాస్మిన్ అనే అమ్మాయితో మాట్లాడాలి,” అన్నాడు వివేక్.

ఆ పేరు వినగానే శుభాకర్ ముఖంలో ఏదో మారింది. మైమూన్ అది చూసింది. చూసి, భయపడింది. ఈయన కడిగిన ముత్యమని నిన్నటి నుంచి వాదిస్తున్న మనిషి ఆమె.

జాస్మిన్ వచ్చింది. రెండు జడలు, చేతికి జిగురు, వేళ్ళకు రంగు కాగితం ముక్కలు. ముగ్గురు పెద్దవాళ్ళు వరసగా కూర్చోవడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. మైమూన్ ఆ పిల్లను దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఏం భయపడొద్దమ్మా. గుర్రం కథ గుర్తుండాదా, పరీక్షలో వచ్చింది?”

“ఉండాది మేడం.”

“డాక్టరమ్మ మళ్ళా వస్తాదని రాసినావు గదా. మీ క్లాసులో అందురూ రాదని రాసినారు. నీకెట్ల తెలిసింది?”

“వస్తా అని చెప్పింది గదా మేడం.”

“పోయేటప్పుడు అందురూ అట్లే అంటారు గదమ్మా.”

“ఊరికే అనేటోళ్ళు అంటారు.” పిల్ల తల వంచుకుని వేళ్ళకున్న జిగురు గీక్కుంటూ చెప్పింది. “బయటికొచ్చినాక మావాళ్ళు గూడా నవ్వినారు మేడం. నువ్వు చిన్నపిల్లవా, వస్తా అంటే వస్తారా అని. మా అమ్మ కువైట్‌కు పొయ్యేటప్పుడు వస్తా అనే పోయింది. నేనప్పుడు ఐదో తరగతి. ఎయిర్‌పోర్టు బస్సు కిటికీలో నుంచి రెండుసార్లు చెప్పింది. పనికి పోయినోళ్ళు పని అయిపోతే వస్తారు. ఆ డాక్టరమ్మ గూడా పనిమీదనే గదా వచ్చింది. గుర్రానికి ఇంకా నయం కాలేదు. ఎందుకు రాదు?”

ఇన్ని దేశాల వాళ్ళు కూర్చుని ఖాయం చేసిన జవాబును, ఈ మూల ఒక్క పిల్ల తల్లి కోసం ఎదురుచూసి ఎదురుచూసి కనుక్కుంది. ఆ సంగతి తెలియకుండానే పూర్తి మార్కులు వేసిన తన చెయ్యి మైమూన్‌కు తప్పు చేసినట్టు కనిపించింది.

వివేక్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. “కరెక్టేనమ్మా,” అన్నాడు మెత్తగా. “నువ్వు రాసిందే కరెక్టు.”

జాస్మిన్ ముఖం వెలిగిపోయింది. “నిజంగానా సార్? వచ్చిందా ఆయమ్మ?”

వివేక్ మాట మార్చి, శుభాకర్ వైపు తిరిగాడు. “ఇక నాకు అనుమానం లేదండీ. కానీ రిపోర్టులో నా నమ్మకం చాలదు. వాళ్ళమ్మ గారితో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడిస్తే, అమ్మాయి చెప్పింది నిజమేనని ఆవిడ ఒక్క మాట అంటే, కీ సంగతి ఇంతటితో ముగిసిపోతుంది. మీ పేరు ఎక్కడా రాదు.”

“ఈ పొద్దు శుక్రవారమే గదా సార్,” అంది జాస్మిన్ ఉత్సాహంగా. “శుక్రవారం మాపటాల మా నాయన ఫోన్‌కు నెట్‌లో చేస్తాది. వీడియో మాత్రం పెట్టదు. ఆ ఇంటోళ్ళు ఒప్పుకోరంట. ముందరైతే పెట్టేది. నంబరు నాకు నోటికొచ్చు, చెప్పమంటారా?”

“నువ్వు క్లాసుకు పో జాస్మిన్,” అన్నాడు శుభాకర్. గట్టిగా అనలేదు గాని పిల్ల ఉలిక్కిపడి లేచింది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “పోతా సార్. పోతా మేడం.”

పిల్లల నోట ఆ మాట వినడం మైమూన్‌కు అలవాటు లేదు. దిద్దబోయి, ఆగిపోయింది. తిరిగి రాని చోట వస్తా అనడం ఆ పిల్లకు ఇష్టం లేదని అర్థమైంది.

పిల్ల అడుగుల చప్పుడు పోయేదాకా శుభాకర్ కదల్లేదు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశాడు.

“ఆ నంబరుకు చేయొద్దండి సార్.”

“ఎందుకండీ? ఇది మీ మంచికే.”

“నా మంచికే అని తెలుసు. చేస్తే కువైట్‌లో మోగదు సార్ అది.” శుభాకర్ కుర్చీ వీపును పట్టుకుని నిలబడ్డాడు. “ఆ బిడ్డ తల్లి కరుణమ్మ కువైట్‌లో లేదు. వినాయక చవితి ముందరే వచ్చేసింది. మన మైమూన్ మేడం వాళ్ళ ప్రొద్దుటూరులోనే ఉండాది.”

“వచ్చేసిందా!” మైమూన్‌కు ముందు కలిగింది సంతోషమే. అది ఒక్క క్షణం కూడా నిలవలేదు. “వచ్చి ఇన్ని నెలలైతే, కన్నబిడ్డ దగ్గరికి ఎందుకు రాలేదు సార్? ఇంత దగ్గర పెట్టుకోని, బిడ్డ ఈడ ఎదురుచూస్తాంటే, ఎట్లాంటి తల్లి ఆమె?”

“ఆయమ్మను ఏమీ అనొద్దు మేడం.”

శుభాకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వాటిని తుడుచుకోలేదు.

“వచ్చింది. దిగిన మర్నాడే, పెట్టె గూడా యాడా దించకుండా, ఈ గేటు కాడికే వచ్చింది. బిడ్డను ఒక్కసారి చూపించమని నా కాళ్ళు పట్టుకుంది. నేనే తిప్పి పంపించినా.”

(సశేషం)